పసివాని పూర్వాభ్యాసము

మా మనుమడు పుట్టి ముప్పదియారు దినములైన నాటి తెల్లవారుజామున, నడవలో దీపము వెలుగుచుండుట చూచి నేను లేచి వెళ్ళితిని. మా అమ్మాయి గోడకు చేరగిలబడి కూర్చున్నది. నా భార్య పిల్లవానిని కాళ్ళమీద వేసికొని యున్నది. పిల్లవాడు ముఖము కందగడ్డ వలె జేసికొని, పిడికిళ్ళు బిగించి, మోకాళ్ళు పొట్టకు ముడుచుకొని, ముక్కుచు మూలుగుచు, మధ్యమధ్య కేరుమని యేడ్చుచు, పావుగంటనుండి యొక మహాకార్యమున నిమగ్నుడై యున్నాడు. కార్యము మాత్రము ఫలింపలేదు. "అయిదు రోజులైందండీ, వీడు దొడ్డికి పోయి" అని నా భార్య నావంక చూచిన చూపులో, ఆ యైదు రోజుల బాధ్యతలో కొంత నాకును పంచిపెట్టినట్లు తోచినది.

ఇట్టి సంగతిని తత్త్వవిచారములోనికి దెచ్చుట యుచితమా యని ముక్కున వ్రేలిడుకొను పాఠకులుందురు. మన పెద్దలకు ఈ సంకోచము లేకుండెనని మాత్రమే వారికి నేను చెప్పగలను. ఐతరేయోపనిషత్తులో ఒక కథ యున్నది. సృష్టింపబడిన అన్నము వెనుదిరిగి పారిపోజూచినదట. పురుషుడు దానిని వాక్కుతో పట్టుకొనబోయి పట్టుకొనలేకపోయెను. పట్టుకొనియే యుండినచో అన్నమును గూర్చి మాటలాడినంతనే మనకందఱకు కడుపు నిండియుండెడిది. ప్రాణముతో, కంటితో, చెవితో, చర్మముతో, మనస్సుతో వరుసగా ప్రయత్నించి యోడిపోయి, తుదకు అపానముచేత దానిని పట్టి మ్రింగగలిగెను. అక్కడ అపానమనగా నోటిదారిని లోనికి బోవు వాయువని భాష్యకారులు వివరించిరి. వైద్యశాస్త్రమున ఆ పేరే క్రిందికి ద్రోయు వాయువునకు స్థిరపడినది. మలమూత్రములనే గాక, నెలలు నిండిన బిడ్డను తల్లిగర్భమునుండి వెలికి ద్రోయునదియు అపానమే యని చరకాదుల మతము. పుచ్చుకొనుటకును విడుచుటకును ఒక్క పేరే చెల్లుట నాకు చిరకాలముగా వింతగా నుండెడిది. ముప్పదియారు దినముల క్రిందట మా మనుమని ఈ లోకములోనికి ద్రోసిన అపానము తల్లిది. నేడు పని చేయవలసినది వాని సొంతది. చిక్కంతయు అక్కడ వచ్చినది.

చరకసంహిత సూత్రస్థానమున ఏడవ అధ్యాయమునకు నవేగాన్ధారణీయమని పేరు. మలమూత్రములు మొదలు తుమ్ము, ఆవులింత, కన్నీరు, నిద్రవఱకు పదుమూడు వేగములను బిగబట్టరాదని అందు చెప్పబడినది. చెప్పిన వెనువెంటనే, బిగబట్టవలసిన వేగములును చెప్పబడినవి: లోభము, శోకము, భయము, క్రోధము మొదలగునవి. దేహవేగమునకు దారి యిమ్ము, మనోవేగమునకు అడ్డము కట్టుము అని దాని సారాంశము. నాగరికులమగు మనము సభలలో మొదటివానిని ప్రయాసతో బిగబట్టుకొని, రెండవవానిని ధారాళముగా విడిచిపెట్టుచున్నామన్నది వేఱు సంగతి. ఆ తెల్లవారుజామున మా నడవలో, విడువవలసిన దానిని పిల్లవాడు విడువలేక, పట్టవలసిన భయమును పెద్దలము పట్టలేక యుంటిమి.

చిన్ననాట నేను కొంత తర్కము చదువుకొన్నవాడను. పసిబిడ్డ పేరు వినబడినంతనే తర్కము చదివినవానికి జ్ఞప్తికి వచ్చునది గౌతముని న్యాయసూత్రములలో తృతీయాధ్యాయము. ఆత్మ నిత్యమని సాధించుటకు ఆ మహర్షి పండితులనుగాని యోగులనుగాని సాక్ష్యమునకు పిలువక, అప్పుడే పుట్టిన శిశువును పిలిచినాడు. శిశువునకు హర్షము, భయము, శోకము కలుగుట కనబడుచున్నది. ఈ జన్మమున వానికి తగిన అనుభవము లేదు. అనుభవము లేక స్మృతి లేదు. కావున ఆ యనుభవము ముందొక జన్మమున జరిగి యుండవలెను. అంతకంటె బలమైన యుక్తి చనుబాలది. కన్ను తెఱవని పసికందు స్తనమునకై వెదకును. పాలు త్రాగినచో ఆకలి తీరునను నెఱుక అభ్యాసమువలన గాని రాదు. ఆ యభ్యాసమునకు ఈ జన్మమున వ్యవధి లేదు. ఇనుము అయస్కాంతమువంక జరుగుటకు ఏ పూర్వాభ్యాసము కావలసి వచ్చినదని పూర్వపక్షి యడిగెను. అదియు నియతకారణము లేక జరుగుట లేదు, జరిగినచో ఇనుమే కాదు మట్టిబెడ్డయు పోయెడిది యని సిద్ధాంతి యుత్తరము. అట్లైనచో పూర్వజన్మమున నేర్చిన తక్కిన విద్యలన్నియు శిశువునకు ఏల జ్ఞప్తికి రావని మరల నొక శంక పుట్టగా, సిద్ధాంతముక్తావళీకారుడగు విశ్వనాథుడు, ఆ సంస్కారమును మేల్కొలుపునది జీవనాదృష్టము, అనగా ఈ దేహము బ్రదుకవలెనను అదృష్టమే, బ్రదుకుటకు పనికిరాని విద్యలను అది మేల్కొలుపదు అని సర్దినాడు.

ఈ యుక్తిపరంపరను నేను నలువది యేండ్లు మెచ్చుకొనుచు వచ్చితిని. ఆనాటి తెల్లవారుజామున నడవలో నిలువబడి, ముక్కుచున్న మా మనుమని జూచుచుండగా ఇది యొక్కసారిగా నాకు సందేహాస్పదమైనది. వీడు వెనుకటి జన్మమున చనుబాలు త్రాగిన మాట నిజమైనచో, ఆ త్రాగిన పాలను విసర్జించియు నుండవలెను గదా! ఒక అభ్యాసము జన్మాంతరమునుండి వీని వెంట వచ్చి, దానికి తోబుట్టువైన రెండవ అభ్యాసము మార్గమధ్యమున ఎక్కడ దిగిపోయినది? జీవనాదృష్టము బ్రదుకునకు కావలసిన దానిని మేల్కొలుపునందుమా, తినుట ఎంత యావశ్యకమో విసర్జనయు అంత యావశ్యకమే. విశ్వనాథుని సమాధానము ఇక్కడ నిలువదు. మానవుడు పుచ్చుకొనుట పుట్టుకతో నెఱుగును, విడుచుట మాత్రము నేర్చుకొనవలెను అని యొక వైరాగ్యోపన్యాసమును ఇచ్చటనుండి ప్రారంభించుట కడు సులభము. దానికి శ్రోతలును దొరకుదురు. అట్టి యుపన్యాసములు నేను పెక్కు విన్నాను, కొన్ని యిచ్చితిని గూడ. పిల్లవాని కడుపునకు వానివలన ఒరిగినదేమియు లేదు.

తెల్లవారినంతనే పిల్లల డాక్టరమ్మ యొద్దకు పోయితిమి. ఆమె ఒకప్పుడు మా పాఠశాలలో నాయొద్ద చదువుకొన్నది. "మాస్టారూ, మీరు కూర్చోండి" అని నన్ను ప్రక్కకు నెట్టి, మా అమ్మాయిని అడుగుట ప్రారంభించినది.

"పోయినసారి వెళ్ళినప్పుడు ఎలా ఉందమ్మా? గట్టిగా ఉండలుగానా, మెత్తగానా?"

"మెత్తగానేనండీ. పసుపు కలిపిన పెరుగులా ఉంది."

"నీ పాలే కదా ఇస్తున్నావు, డబ్బాపాలు లేవుగా? బరువు పెరుగుతున్నాడు, పాలు తాగుతున్నాడు, పొట్ట మెత్తగా ఉంది. మరి మలబద్ధకం ఎక్కడిదీ?"

తార్కికుడనని చెప్పుకొనుటకు నేను సిగ్గుపడిన క్షణమది. మలబద్ధకమునకు మేము దినసంఖ్యను లక్షణముగా జేసికొని యుంటిమి. ఆ లక్షణమునకు అతివ్యాప్తిదోష మున్నదని, అనగా రోగము లేనిచోటను అది వర్తించునని, ఒక వైద్యురాలు మూడు ప్రశ్నలతో తేల్చివేసినది. గట్టిదనము లక్షణముగాని, దినములు లక్షణము కావు. తల్లిపాలు మాత్రమే త్రాగు బిడ్డ మొదటి వారములలో దినమునకు నాలుగైదు మారులు పోవచ్చును. నెల దాటిన పిమ్మట అయిదారు దినములకు, ఒక్కొక్కప్పుడు వారమునకు, ఒక్కమారు పోవచ్చును. వచ్చినది మెత్తగా నున్నంతవఱకు, బిడ్డ హాయిగా నున్నంతవఱకు, రెండును ఆరోగ్యమే. తల్లిపాలలో వ్యర్థముగా మిగులునది మిక్కిలి స్వల్పము. డబ్బాపాల పొడిని డబ్బామీది కొలతకు మించి చిక్కగా కలిపి పట్టుచోట నిజమైన మలబద్ధకము రావచ్చును. అక్కడ సరిచేయవలసినది కొలతనే.

"మరి ఆ ముక్కడం, ఆ ఏడుపు?" అని నా భార్య. దానికి ఆమె చెప్పిన యుత్తరముకొఱకే నేనీ వ్యాసము వ్రాయ బూనుకొంటిని. విసర్జనకు రెండు పనులు ఏకకాలమున జరుగవలెను: పైనుండి పొట్టకండరములు ఒత్తవలెను, క్రింద ద్వారమువద్ద కండరములు సడలవలెను. నెలల పసివానికి ఈ రెంటిని జోడించుట తెలియదు. పైనుండి ఒత్తుచునే క్రింద బిగించును. తలుపు మూసి, ఆ తలుపును తానే లోపలినుండి త్రోయును. ఏడ్చుటయు నొప్పివలన గాదు. పొట్టపై ఒత్తిడి తెచ్చుకొనుటకు వానికి తెలిసిన సాధనము ఏడుపే. పది నిమిషములో, ఇరువది నిమిషములో ఇట్లు పెనగులాడి, తుదకు మెత్తని విరేచనమగును, లేదా ఆ పూటకు కానేకాదు. వైద్యులు దీనికి డిస్కీజియా యని పేరు పెట్టిరి. పేరున్నంతమాత్రమున రోగము కాదు. కొన్ని వారములలో ఏ మందును లేక తనంత తానే పోవును. పోవుట యనగా, పిల్లవాడు నేర్చుకొనును.

ఇంటికి వచ్చుచు గౌతముని యుక్తిని మరల త్రిప్పి చూచితిని. అభ్యాసము లేక నేర్పు లేదన్న వాక్యము చెక్కుచెదరలేదు. చెదరినది, ఆ యభ్యాసమునకు ఈ జన్మమున వ్యవధి లేదన్న వాక్యము. గర్భములోని శిశువు మూడు నాలుగు నెలలనాటినుండి తన చుట్టునున్న ఉమ్మనీటిని మ్రింగుచునే యుండును, నెలలు నిండునాటికి రోజునకు అరలీటరు దాపున మ్రింగును, బొటనవ్రేలు చీకును. స్తనమును జూడకముందే మ్రింగుటలో వానికి ఆఱు నెలల సాధన జరిగి యున్నది. మ్రింగిన దానిలో మిగిలినది, పైత్యరసముతోను, ప్రేగులనుండి రాలిన కణములతోను, జిగటతోను, నూగువెండ్రుకలతోను కలిసి, నల్లని తారువలె ప్రేగులలో చేరియుండును. దానిని గర్భమునందే విడుచుట సాధారణముగా జరుగదు. కాన్పు సమయమున బిడ్డ కష్టమున నున్నప్పుడు అట్లు విడుచుటయు, అది ఊపిరితిత్తులలోనికి బోవుటయు ప్రమాదకరము. గర్భస్థశిశువు మలవిసర్జనము చేయదని సుశ్రుతుడును శారీరస్థానమున చెప్పి, మలము స్వల్పమగుటయు, పక్వాశయమునకు వాయుసంబంధము లేకపోవుటయు కారణములుగా చూపినాడు. పుచ్చుకొనుటలో వలెనే పట్టియుంచుటలోను మా మనుమడు ఆఱు నెలల ప్రవీణుడు. విడుచుట ఒక్కటే ఈ లోకమునకు వచ్చి ఆరంభింపవలసిన పాఠము. పూర్వాభ్యాసము జన్మాంతరమున గాక, నాలుగంగుళముల యెడములో, తల్లి కడుపులో జరిగినది.

ఇంతటితో ఆత్మనిత్యత్వము కూలిపోయినదని నేననను. ఆ మొదటి గ్రుక్కను గర్భములో ఎవరు మ్రింగించిరని గౌతముడు మరల అడుగగలడు. అడిగినచో నాయొద్ద ఉత్తరము లేదు. ఆయన సాక్షిని మాత్రము మనము మరికొంత జాగ్రత్తగా విచారింపవలసి యున్నది.

మధ్యాహ్నము ఎదురింటి పిన్నిగారు వచ్చిరి. ఎనుబదియేండ్లు దాటిన మనిషి. తన పిల్లలను, పరుల పిల్లలను లెక్కలేనందఱిని కాళ్ళమీద వేసికొని నీళ్ళు పోసిన చేయి ఆమెది. ఒక చేతిలో ఆముదపు సీసా, రెండవ చేతిలో లేత తమలపాకు. ఆకు తొడిమను ఆముదములో ముంచి మలద్వారమున సుతారముగా పెట్టినచో క్షణములో విరేచనమగునని ఆమె యుద్దేశము. అగుననుటలో సందేహము లేదు. "మందు వద్దన్నదా మీ డాక్టరు? ఏమీ చేయకుండా చూస్తూ కూర్చోమందా? నువ్వు పుస్తకాలు చదివావు నాయనా, నేను పిల్లల్ని పెంచాను" అని ఆమె నన్ను నిలదీసిరి.

పిన్నిగారు అడిగినది తేలికయైన ప్రశ్న కాదు. పరుని దుఃఖమును జూచి చేతులు ముడుచుకొని కూర్చుండుట కరుణయా, కాఠిన్యమా? శ్రీవైష్ణవసంప్రదాయమున ఈ ప్రశ్నపై రెండు పక్షములు పుట్టినవి. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా కఱచుకొని యుండును. పిల్లిపిల్ల ఏ ప్రయత్నమును లేక కన్నులు మూసికొని యుండ, తల్లియే మెడ పట్టుకొని చేర్చవలసిన చోటికి చేర్చును. జీవునకు కొంత స్వప్రయత్నము కావలెనను వడగలవారికి మర్కటకిశోరన్యాయము, భగవంతుడే సర్వమును చేయునను తెంగలవారికి మార్జాలకిశోరన్యాయము ఉదాహరణములైనవి. ఈ న్యాయములను వల్లించునప్పుడు ఎవరి నోటను నేను వినని, పిల్లికి సంబంధించిన సత్యమొకటి యున్నది. పుట్టిన పిల్లిపిల్ల తనంత తాను మలమూత్రములను విడువజాలదు. తల్లి దాని క్రిందిభాగమును నాలుకతో నాకినప్పుడే విడుచును; మూడు వారములవఱకు ఇదే తీరు. తల్లి లేని పిల్లిపిల్లలను పెంచువారు తడిగుడ్డతో ఆ పని చేయవలసి యుండును, చేయనిచో అవి చచ్చును. మార్జాలకిశోరము నిజముగా సర్వవిధముల పరాధీనము. అక్కడ తల్లి చేయి, అనగా తల్లి నాలుక, సోకకపోవుట కాఠిన్యమే.

మానవశిశువు అట్టివాడు కాడు. వానికి ప్రేగులు పుట్టిననాటినుండి పని చేయుచున్నవి. పాలు కడుపులో పడినంతనే పెద్దప్రేగు కదలుట ఆరంభించును. అందుచేతనే పసివారు పాలు త్రాగుచు త్రాగుచునే దొడ్డికి పోవుదురు. వానికి కొఱవడినది సామర్థ్యము కాదు, సాధన. సాధకుని స్థానమున ఇంకొకరు సాధన చేయుటకు వీలులేదని అన్ని మార్గములవారును ఒప్పుకొందురు. తొడిమ పెట్టిన ప్రతిమారు పిల్లవానికి విరేచనమగును, పాఠము మాత్రము తప్పిపోవును. పై నుండి ఒత్తునప్పుడు క్రింద సడలించుటను వాడు నేర్వడు, తొడిమకొఱకు వేచియుండుట నేర్చును. సబ్బుముక్కయు అంతే, పైగా లోపలి లేతపొరను అది మండించును. గొంతులో ఆముదము పోయుట అంతకంటె అపాయకరము. ఏడ్చుచున్న బిడ్డకు నూనె పట్టినచో అది ఊపిరితిత్తులలోనికి జాఱి నిమోనియా తెచ్చుట మన ప్రాంతపు వైద్యు లెఱిగిన సంగతియే. దప్పికయేమో యని నీళ్ళు పట్టుటయు వలదు. తల్లిపాలలో నూటికి 87, 88 పాళ్ళు నీరే. పొట్టమీద అరచేతితో గడియారపు ముల్లు తిరుగు దిక్కున మెల్లగా రాయుట, పిల్లవాని కాళ్ళు పట్టుకొని సైకిలు త్రొక్కించినట్లు ఆడించుట, గోరువెచ్చని నీళ్ళు పోయుట: డాక్టరమ్మ మాకు అనుమతించినవి ఇవియే. పిన్నిగారు ఈ మూడును జీవితమంతయు చేసినవారే కనుక, ఆముదపు సీసాకు బిరడా పెట్టి, పిల్లవానిని కాళ్ళమీదికి తీసికొనిరి.

నన్ను బాధించిన సంగతి వేఱొకటి యున్నది. ఆ ఆముదము ఎవరి బాధకు మందు? పిల్లవాడు పెనగులాట ముగియగానే ప్రశాంతముగా నిద్రపోవుచుండెను. నిద్ర లేనివారము మేము. కశ్యపసంహితలో మాటలు రాని బిడ్డల వేదనను చేష్టలనుబట్టి గుర్తించుటకు వేదనాధ్యాయమని ప్రత్యేకమైన యధ్యాయమే కలదు. పరుని వేదన మనకు ప్రత్యక్షము కాదు, అనుమేయము. ఏడుపు అను ధూమమును జూచి నొప్పి యను అగ్నిని మనము అనుమానించుచున్నాము. హేతువు వ్యభిచరించినచో, అనగా నొప్పి లేకయే ఏడుపు ఉండుచోట, మన యనుమానము తప్పి, మన భయమునే పరునియందు చూచి దానికి వైద్యము చేయుదుము. ఆ వైద్యమునకు కరుణ యని పేరు పెట్టుకొందుము. భగవద్గీత నాలుగవ అధ్యాయమున అకర్మయందు కర్మను చూడుమని చెప్పినమాట యుద్ధభూమికంటె పురిటింటిలో నాకు బాగుగా నర్థమైనది. పావుగంటసేపు పిల్లవాని చెంత చేతులు కట్టుకొని కూర్చుండుట, ఆ యింటిలో ఆ దినమున అందఱికంటె కష్టమైన పని.

అట్లని, ఏమియు చేయకుండుటయే ధర్మమని సిద్ధాంతము చేసికొన్నవాడు మూఢుడు. 1886లో కోపెన్‌హేగెన్ నగరపు శిశువైద్యుడు హారాల్డ్ హిర్ష్‌స్ప్రుంగ్, పుట్టినది మొదలు మలబద్ధకముతో కడుపులుబ్బి మరణించిన ఇద్దఱు శిశువుల చరిత్రను బెర్లినులో వైద్యులముందు చదివెను. ఆయన పేరనే పిలువబడు ఆ వ్యాధి ఇంచుమించు అయిదు వేల బిడ్డలలో ఒకరికి వచ్చును. గర్భమున అయిదవ వారము మొదలు పండ్రెండవ వారము దాక, కంఠప్రాంతమునుండి నాడీకణములు ప్రేగువెంబడి క్రిందికి యాత్ర సాగించి తుదివఱకు చేరవలెను. కొందఱిలో ఆ యాత్ర మధ్యలో నిలిచిపోవును. నాడీకణములు చేరని ఆ తుదిభాగము ఎన్నడును సడలదు. సదా బిగిసియే యుండును, పైన ప్రేగు ఉబ్బిపోవును. ఇందు నన్ను చకితుని జేసినది, నాడి లేనిచోట ప్రేగు తెఱచుకొని యుండక మూసికొని యుండుట. సడలుట యనగా పని మానుట యని మనమనుకొందుము. దేహము అట్లనుట లేదు. బిగియుట ఊరకయే జరుగును, సడలుటకు ఆజ్ఞ కావలెను, ఆజ్ఞ తెచ్చు నాడి కావలెను. విడుచుటయు ఒక చేతయే. త్యాగమును కర్మరాహిత్యముగా వ్యాఖ్యానించువారు ఈ యొక్క వ్యాధిని గూర్చి చదువవలెనని నా కోరిక. 1948లో బోస్టనునందు ఓర్వార్ స్వెన్సన్, నాడి లేని భాగమును కోసివేసి ఆరోగ్యకరమైన ప్రేగును క్రిందికి లాగి కుట్టు శస్త్రచికిత్సను ప్రకటించినదాదిగా ఆ బిడ్డలు బ్రదుకుచున్నారు. అక్కడ ఎదురుచూచుట పాపము.

ఈ ద్వారముల మహిమ నెఱిగిన యూదులు కాలకృత్యము తీర్చుకొని చేతులు కడుగుకొన్న పిమ్మట ఒక స్తోత్రము పఠింతురు. మనుష్యునియందు ద్వారములను, గుహలను వివేకముతో కల్పించిన దేవునకు వందనమనియు, వానిలో ఒక్కటి మూసికొనరానిది మూసికొన్నను, తెఱచుకొనరానిది తెఱచుకొన్నను మనుష్యుడు నిలువజాలడనియు దాని భావము. తల్ముద్ గ్రంథమున అది నాల్గవ శతాబ్దపు అబాయె అను గురువు పేర చెప్పబడినది. మన సంధ్యావందనమున అట్టిది లేకపోవుట లోపమే యని నా నిశ్చయము.

మన సంస్కారములలో ఉండరానిది మాత్రము ఒకటి యున్నది. జాతకర్మమున తండ్రి తేనెలోను నేతిలోను బంగారమును అరగదీసి శిశువు నాలుకకు రాయవలెనని గృహ్యసూత్రములు విధించినవి. తేనెలో క్లాస్ట్రీడియం బోట్యులినం అను సూక్ష్మజీవి బీజములుండవచ్చును. పెద్దల కడుపులో అవి మొలకెత్తవు, ఏడాదిలోపు బిడ్డల ప్రేగులలో మొలకెత్తి నాడులను స్తంభింపజేయు విషమును పుట్టింపగలవు. ఇట్టి వ్యాధి పసిబిడ్డలకు కలదని 1976లో కాలిఫోర్నియాలో తొలుత గుర్తించిరి. దాని మొదటి లక్షణమేమందురా, మలబద్ధకము! తరువాత మెడ వాలుట, ఏడుపు సన్నగిల్లుట, పాలు పీల్చలేకపోవుట. సూత్రకారులకు ఈ సంగతి తెలియదు. తెలిసిన మనము వారిపై భారము మోపి తప్పించుకొనరాదు. మంత్రము చెప్పుడు, బంగారము చూపుడు. తేనెను ఏడాది నిండువఱకు ఇంటి బిడ్డకు దూరముగా నుంచుడు.

పూతన చచ్చిన పిమ్మట గోపికలు కృష్ణునకు రక్ష కట్టిన ఘట్టము భాగవత దశమస్కంధమున చదివినవారికి జ్ఞాపకముండును. ఒక్కొక్క యవయవమును విష్ణువు ఒక్కొక్క రూపమునకు అప్పగించుచు వచ్చి, పొట్టను హయగ్రీవునకు అప్పగించిరి. విద్యాధిదేవతకు పొట్టతో ఏమి పని యని నేను పూర్వము అనుకొనెడివాడను. విసర్జనయు ఒక విద్యయే యని తెలిసినపిమ్మట ఆ శంక తీఱినది. దేవుని రక్షింపుమని దేవునే వేడుకొనిన ఆ గొల్లపడుచుల అమాయకత్వమునకు నవ్వుకొందుము గాని, రక్ష కట్టి, పిదప పిల్లవానిని తల్లి యొడిలో పాలకు పెట్టిరి. అంతకుమించి ఏమియు చేయలేదు.

పుట్టిన బిడ్డ 48 గంటలలో ఆ నల్లని తొలిమలమును విడువనిచో, ఏ వయసుననైనను పొట్ట ఉబ్బి గట్టిపడినచో, ఆకుపచ్చని వాంతి యైనచో, మలమున నెత్తురు కనబడినచో, పాలు మానివేసినచో, బరువు పెరుగనిచో, ఈ వ్యాసమును పక్కన పడవేసి ఆసుపత్రికి పరుగెత్తుడు. పిన్నిగారిని గాని నన్ను గాని సలహా యడుగవలదు. ఇవియేవియు లేనిచో కూర్చుండి చూడుడు.

మేమును చూచితిమి. ఏడవనాటి సాయంకాలము తల్లి పాలిచ్చి, త్రేన్పు రప్పించుమని పిల్లవానిని నా భుజముమీద వేసినది. వాడు ఏడువలేదు, ముక్కలేదు. ఒక్కమారు కాళ్ళు ముడిచి చాచినాడు. నేను అప్పుడే కట్టుకొన్న మల్లు ధోవతి మూడు ఉతుకులకు గాని తెల్లబడలేదు.